విదేశం నుంచి బిడ్డను ఒంటరిగా దత్తత తీసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

దత్తత గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది మొదట అనే మాట ఒకటే: "ఎక్కడ చూసినా దంపతుల గురించే రాశారు, నాలాంటి వాళ్ల సంగతి ఎక్కడా లేదు." నిజమే. నేనూ ఒంటరిగానే ఒక పాపను తెచ్చుకున్నదాన్ని. అవే సందేహాలకు విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ చివరికి ఇలా ఒకచోట పెట్టాను. చట్టాలు దేశానికొక తీరుగా ఉంటాయి, మారుతూ కూడా ఉంటాయి. కాబట్టి ఎక్కడైనా సంతకం పెట్టే ముందు మీరుంటున్న దేశంలోని దత్తత అధికార సంస్థను అడగండి. వరసగా చదవాల్సిన పని లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

పెళ్లి కాలేదు, ఒక్కదాన్నే ఉంటాను. నాకు బిడ్డను ఇస్తారా అసలు?

ఇస్తారు. అన్ని దేశాలూ ఇవ్వవు. మీ అర్హతను రెండు చట్టాలు తేలుస్తాయి: మీరు నివాసం ఉంటున్న దేశానిది ఒకటి, బిడ్డ ఉన్న దేశానిది ఇంకొకటి. ఒకరు సరే అన్నా ఇంకొకరు కాదంటే కాదనే లెక్క. కొలంబియా, బల్గేరియా, భారత్ లాంటి దేశాల చట్టాలు ఒంటరివాళ్లను ఒప్పుకుంటాయి. ఇటలీలో ఉండేవాళ్లకు మొన్నమొన్నటి దాకా ఆ దారి లేదు. 2025 మార్చిలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చాకే ఒంటరివాళ్లకూ విదేశీ దత్తతకు వీలు కలిగింది. రష్యా 2013లో చేసిన చట్టం ఇంకో రకం. స్వలింగ వివాహాలు చెల్లే దేశాల్లో ఉండే పెళ్లికానివాళ్లకు తమ పిల్లల్ని ఇవ్వకూడదంది. మీరెలాంటి మనిషో చూడకముందే, ఎక్కడుంటున్నారో చూసి తలుపు వేసేయొచ్చన్నమాట.

"ఒంటరివాళ్లను ఒప్పుకుంటారా" అని అడిగి ఊరుకోకండి. ఒప్పుకుంటూనే, దంపతులందరి తర్వాతే మన వంతు అనే చోట్లు ఉంటాయి. చైనా 2007లో ఒంటరి స్త్రీలను పూర్తిగా పక్కన పెట్టి, 2011లో వైద్య అవసరాలున్న పిల్లల విషయంలో మాత్రం మళ్లీ రానిచ్చింది. అడగాల్సిన అసలు ప్రశ్న: "గత రెండేళ్లలో ఒంటరివాళ్లకు ఎంతమంది పిల్లల్ని ఇచ్చారు, ఆ పిల్లల వయసెంత?"

నేను మగవాణ్ణి. ఆడపిల్లను ఇస్తారా?

కొన్ని దేశాలు ఇవ్వవు. భారత్‌లో 2015 నాటి బాలల న్యాయ చట్టం ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వకూడదని సూటిగానే చెబుతుంది. ఒంటరి స్త్రీకి మాత్రం ఆడైనా మగైనా అడ్డు లేదు. చట్టంలో అడ్డులేని చోట కూడా మగవాళ్లను గుచ్చి గుచ్చి అడుగుతారు. అన్యాయంగా అనిపిస్తుంది, కొంతవరకు అన్యాయమే. కానీ ఆ కోపాన్ని ఇంటర్వ్యూ గదిలోకి తీసుకెళ్లకండి. మేనల్లుణ్ణి నెల్లాళ్లు మీరే చూసుకున్నారా, పిల్లలకు ఆటలో పాఠాలో నేర్పారా, అలాంటివి చూసినవాళ్ల చేత ఉత్తరాలు రాయించండి. పిల్లలంటే ఇష్టం అని పదిసార్లు చెప్పడం కన్నా అది పనికొస్తుంది.

నాకు 44 ఏళ్లు. ఆలస్యమైపోయిందా?

దేశాన్ని బట్టి, మీరు కోరే బిడ్డ వయసును బట్టి. భారత్ నిబంధనల ప్రకారం ఒంటరివాళ్లకు రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే 40 ఏళ్లు దాటకూడదు. నాలుగేళ్ల లోపు బిడ్డకైతే 45, ఎనిమిదేళ్ల లోపు బిడ్డకైతే 50, అంతకన్నా పెద్ద పిల్లలకు 55. బిడ్డకూ మీకూ కనీసం 25 ఏళ్ల తేడా కూడా ఉండాలి. కొలంబియా 25 నిండితే చాలంటుంది, 15 ఏళ్ల తేడా చూస్తుంది. మీ 44కి కాస్త పెద్ద బిడ్డ దొరికే అవకాశం బాగానే ఉంది. నెలల బిడ్డ కావాలంటే కష్టం. ఇంకో సంగతి, దరఖాస్తు నాటి వయసు చూస్తారా, బిడ్డను జతచేసే నాటి వయసా అన్నది ముందే అడిగి రాయించుకోండి. ఫైలు కదిలేలోపు పుట్టినరోజులు రెండు మూడు గడిచిపోతాయి.

నాకు పసిబిడ్డే కావాలి. దొరుకుతుందా?

నెలల బిడ్డ దొరకడం ఇప్పుడు చాలా అరుదు. ఇంటికొచ్చేసరికి బిడ్డకు ఏడాది దాటి ఉంటుందనే లెక్కలో ఉండండి. రెండు మూడేళ్లు కూడా కావచ్చు.

ఇందులో అధికారుల అలసత్వం కొంత ఉంటుంది గానీ, అసలు కారణం అది కాదు. బిడ్డను కన్నవాళ్ల దగ్గరే ఉంచగలమా అని ముందు చూడాలి. అది కాకపోతే బంధువుల దగ్గర, అదీ కాకపోతే ఆ దేశంలోనే వేరే కుటుంబంలో. ఇవేవీ కుదరనప్పుడే విదేశం మాట ఎత్తాలి. విదేశీ దత్తతలకు నియమాలు పెట్టిన 1993 హేగ్ ఒప్పందంలో ఉన్న మూలసూత్రం ఇదే, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికా ఇదే అంటుంది. ఈ వెతుకులాటకు నెలలు పడుతుంది, ఈలోపు బిడ్డ పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం స్వదేశంలోనే బోలెడంత మంది కాచుకుని ఉంటారు. కాబట్టి "నెలల బిడ్డను ఆరు నెలల్లో ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే సంతోషపడకండి, భయపడండి.

ఏ దేశమైనా నేనే ఎంచుకోవచ్చా?

ఎంచుకోవచ్చు గానీ, జాబితా ఏటా చిక్కిపోతోంది. 2004లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 45 వేల మంది పిల్లలు ఇలా దేశాలు దాటారు. అందులో అమెరికాకు వచ్చినవాళ్లే 23 వేల దాకా ఉంటారు. 2023 నాటికి అమెరికా సంఖ్య 1,300కు లోపే. గ్వాటెమాలా 2007 చివర్లో ఆపింది. ఇథియోపియా 2018లో నిషేధించింది. ఒకప్పుడు అందరికన్నా ఎక్కువమందిని పంపిన చైనా 2024లో, దగ్గరి బంధువులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వమని చెప్పేసింది. తీసుకునే వైపూ ఇంతే. నెదర్లాండ్స్ 2024లో కొత్త దత్తతలు ఆపింది.

ఫైలు మధ్యలో ఉండగా దేశం మూతపడితే ఏమవుతుందో, మీ దత్తత పని నడిపించే ఏజెన్సీని ముందే అడగండి: కట్టిన డబ్బులో ఎంత వెనక్కి ఇస్తారు, హోమ్ స్టడీని (మీరు బిడ్డను పెంచడానికి తగినవారో కాదో సోషల్ వర్కర్ చూసి రాసే నివేదిక) ఇంకో దేశానికి వాడుకోవచ్చా? జవాబు కాగితం మీద తీసుకోండి. మొరాకో లాంటి కొన్ని ముస్లిం దేశాల్లో మనం అనుకునే దత్తత ఉండదు. అక్కడిది కఫాలా అనే సంరక్షణ పద్ధతి, బిడ్డ వంశం పేరు మారదు. దాన్ని మీరుంటున్న దేశం ఎలా చూస్తుందో తెలుసుకోకుండా అడుగు వేయకండి.

మొత్తం ఎన్నాళ్లు పడుతుంది?

తక్కువలో తక్కువ ఏడాదిన్నర, మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు అనుకోండి. ఒంటరివాళ్లకు ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు.

ఒక్క జీతం మీద ఇది అయ్యే పనేనా?

ఖర్చు ఒక్కసారి పడదు, విడతలు విడతలుగా పడుతుంది: హోమ్ స్టడీ, ఏజెన్సీ ఫీజు, అనువాదాలు, నోటరీ, అపోస్టిల్ (కాగితం విదేశంలో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్ర), విదేశీ ఫీజులు, ప్రయాణం, అక్కడ ఉండే రోజుల ఖర్చు, ఇంటికొచ్చాక బిడ్డ ఎలా ఉందో ఆ దేశానికి పంపే రిపోర్టులు. వీటన్నిటినీ మించిన ఖర్చు ఒకటుంది, ఎవరూ లెక్కలో వేయరు: బిడ్డ వచ్చాక మీరు ఉద్యోగానికి వెళ్లని నెలలు. దంపతులైతే ఒకరి జీతం వస్తూనే ఉంటుంది, మనకు అది లేదు. దత్తతకు ఎంత దాచారో చూసుకునే ముందు, జీతం లేకుండా ఆరు నెలలు గడపడానికి ఎంత కావాలో విడిగా తీసిపెట్టండి. ఆ డబ్బు ముట్టుకోకుండా మిగతాదానితో నడిస్తేనే మొదలుపెట్టండి. అప్పు తెచ్చి దత్తత చేసుకోవద్దని నా అభిప్రాయం. కాదనేవాళ్లూ ఉన్నారు.

నాతో ఒకరు కలిసి ఉంటున్నారు, పెళ్లి కాలేదు. సింగిల్ అని రాస్తే సరిపోతుంది కదా?

సరిపోదు. ఇంట్లో ఉండే పెద్దలందరి వివరాలూ, పోలీసు రికార్డులూ హోమ్ స్టడీలో భాగం. ఆ మనిషిని దాచి కాగితాలు కదిపితే అది తప్పుడు సమాచారం కింద లెక్క. తర్వాతెప్పుడో బయటపడితే బిడ్డ వీసాకే ఎసరు రావచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఏ దేశం ఒప్పుకుంటుందో చూసుకోవడమే దారి.

నేను విదేశంలో ఉంటాను. మా చెల్లెలి బిడ్డను దత్తత తీసుకుంటే ఇంత తతంగం ఉండదు కదా?

ఉంటుంది. ఇంట్లోవాళ్లంతా కూర్చుని మాట్లాడుకుని, ఒక దస్తావేజు రాయించుకుని, బిడ్డతో విమానం ఎక్కేద్దామనుకుని చిక్కుల్లో పడినవాళ్లు నాకు తెలుసు. హేగ్ ఒప్పందం పౌరసత్వాన్ని చూడదు, ఎవరు ఎక్కడ నివాసం ఉంటున్నారో చూస్తుంది. బిడ్డ ఒక దేశంలో, మీరు ఇంకో దేశంలో ఉంటే అది అంతర్దేశ దత్తతే, మేనకోడలైనా సరే. అక్కడ చెల్లిన దత్తత ఇక్కడ వీసాకు చెల్లకపోవచ్చు. బంధువులకున్న సౌకర్యం ఒకటే, బిడ్డ కన్నవాళ్లతో ముందుగా మాట్లాడకూడదన్న నియమం మీకు వర్తించదు. దస్తావేజు రాయించక ముందే మీ దేశపు అధికారులను అడగండి, తర్వాత కాదు.

## ఏజెన్సీ, కాగితాలు, హోమ్ స్టడీ

హేగ్ ఒప్పందం అంటున్నారు. దాంతో నాకేం పని?

విదేశీ దత్తతల్లో పిల్లల అమ్మకాలు జరగకుండా 1993 మేలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఇది. ఇప్పుడు వందకు పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. ప్రతి దేశంలోనూ దీనికొక కేంద్ర అధికార సంస్థ ఉంటుంది. బిడ్డ దత్తతకు అర్హమని, కన్నవాళ్ల సమ్మతి ఒత్తిడి లేకుండా వచ్చిందని అటువైపు సంస్థ తేలుస్తుంది. మీరు తగినవారని, బిడ్డకు మీ దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు వస్తుందని ఇటువైపు సంస్థ తేలుస్తుంది. ఇద్దరూ ఒప్పుకుంటేనే పని ముందుకు. పద్ధతి ప్రకారం పూర్తయినట్టు ధ్రువపత్రం ఇస్తే, ఆ దత్తతను ఒప్పందంలోని మిగతా దేశాలన్నీ గుర్తించాలి.

ఒప్పందంలో లేని దేశాల నుంచి కూడా దత్తతలు జరుగుతాయి. అయితే అక్కడ బిడ్డ కాగితాలు నిజమో కాదో చూసే రెండో కన్ను తక్కువ. గాలిలో దీపం పెట్టినట్టే.

ఏజెన్సీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

మీ దేశం ఇచ్చిన గుర్తింపు ఉందా, బిడ్డ ఉన్న దేశంలో పనిచేసే అనుమతి ఉందా, రెండూ విడివిడిగా చూడాలి. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు. గుర్తింపు ఉన్న సంస్థల పేర్లు ప్రభుత్వమే ప్రకటిస్తుంది, ఏజెన్సీ గోడ మీది ఫ్రేము చూసి నమ్మకండి.

నేను మొదట వెళ్లిన చోట ఆఫీసు నిండా నవ్వే పిల్లల ఫొటోలే. ఒంటరి తల్లులు ఎవరైనా ఉంటే మాట్లాడిస్తారా అంటే, "తప్పకుండా" అన్నారు. మూడు నెలలు తిప్పి ఒక్కరినీ చూపించలేదు. కట్టిన డబ్బు వదులుకుని బయటికొచ్చాను. ఇప్పుడు ఎవరడిగినా చెప్పేది అదే: డబ్బు కట్టక ముందే వాళ్ల ద్వారా బిడ్డను తెచ్చుకున్న ఇద్దరు ఒంటరివాళ్లతో మాట్లాడండి. మాట్లాడించలేకపోతే లేచి వచ్చేయండి. ఫీజుల వివరం పద్దుల వారీగా ఇవ్వనివాళ్ల దగ్గరా అంతే.

హోమ్ స్టడీలో ఏం చూస్తారు? మా ఇల్లు చాలా చిన్నది.

ఇల్లు చూసేది కాసేపే, మిమ్మల్ని చూసేదే ఎక్కువ. బిడ్డ పడుకోవడానికి చోటుందా, మందులూ కత్తులూ చేతికందకుండా ఉన్నాయా, నిప్పంటుకుంటే బయటపడే దారి ఉందా, ఇంతే. అద్దె ఇల్లయినా పర్వాలేదు. మిగతా సమయమంతా మీ బాల్యం, మీ అమ్మానాన్నలతో సంబంధం, ఆరోగ్యం, ఆదాయం, అప్పులు, పోలీసు రికార్డు, దత్తత ఎందుకు అనుకుంటున్నారన్న దాని మీదే నడుస్తుంది.

ఒంటరివాళ్లకు ఒక ప్రశ్న తప్పదు: "మీకు జ్వరం వచ్చి లేవలేని రోజు బిడ్డను ఎవరు చూస్తారు?" చాలామంది ఉన్నారండీ అంటే సోషల్ వర్కర్ ఊరుకోరు. పేర్లు అడుగుతారు, ఎంత దూరంలో ఉంటారని అడుగుతారు, కొన్నిచోట్ల వాళ్లతో మాట్లాడతారు కూడా. అర్ధరాత్రి ఫోన్ చేస్తే అరగంటలో రాగలిగిన ఇద్దరి పేర్లు రాసుకోండి. రాయలేకపోతే ఫైలును కాస్త ఆపి, ముందు ఆ ఇద్దరినీ సంపాదించుకోండి. నేను ఆ ఇద్దరినీ సోషల్ వర్కర్ వచ్చిన రోజు ఇంటికే పిలిచాను. వంద ఉత్తరాల పెట్టు.

పెళ్లెందుకు చేసుకోలేదని అడుగుతారా?

అడుగుతారు. విడాకులైతే ఎందుకని అడుగుతారు. రేపు పెళ్లి చేసుకుంటే బిడ్డ సంగతేమిటనీ అడుగుతారు. వాళ్ల ఆరా మీ వ్యక్తిగత జీవితం మీద కాదు, బిడ్డను తోడు కోసం తెచ్చుకుంటున్నారా అన్నదాని మీద. ఒంటరితనం పోవడానికి తెచ్చుకునే బిడ్డ మీద మోయలేనంత బరువు పడుతుంది. ఈ ప్రశ్న సోషల్ వర్కర్ కన్నా ముందు మీరే వేసుకోవడం మంచిది.

కొన్నేళ్ల కింద డిప్రెషన్‌కు మందులు వాడాను. దాచేయొచ్చా?

దాచొద్దు. చికిత్స తీసుకుని నిలదొక్కుకున్నారని డాక్టర్ రాసిస్తే చాలా చోట్ల అది అడ్డు కాదు. దాచారని తెలిస్తే మాత్రం నమ్మకం పోతుంది, అది తిరిగి రాదు. కొన్ని దేశాలు వాడే మందుల విషయంలో కఠినంగా ఉంటాయి కాబట్టి దేశాన్ని ఎంచుకోక ముందే ఏజెన్సీకి చెప్పండి.

కాగితాలు ఎన్ని కాపీలు పెట్టుకోవాలి?

మూడు సెట్లు, వాటి స్కాన్లు. పోలీసు ధ్రువపత్రం, వైద్య నివేదిక, హోమ్ స్టడీ, వీటికి గడువులుంటాయి. గడువు తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. అపోస్టిల్ పడ్డ కాగితానికి పిన్ను తీసి మళ్లీ కొట్టకండి, చెల్లదనేవాళ్లున్నారు.

## బిడ్డ వివరాలు వచ్చాక

ఫైలు వచ్చింది. వైద్య వివరాలు ఏమీ అర్థం కావడం లేదు. ఫొటో చూసి ఒప్పేసుకోవాలనిపిస్తోంది.

ఫొటోను పక్కన పెట్టి అంకెలు చూడండి. దత్తత పిల్లల్ని చూసే అనుభవమున్న పిల్లల డాక్టర్‌కు ఫైలు మొత్తం పంపండి. ఆయన మొదట చూసేవి బరువు, పొడవు, తల చుట్టుకొలత. ఒక్కసారి కొలిచింది కాదు, నెలనెలా ఎలా పెరిగాయో. ఆశ్రమాల్లో పెరిగే పిల్లల ఎదుగుదల సుమారుగా మూడు నెలలకు ఒక నెల చొప్పున వెనకబడుతుంది. అంటే బక్కగా, పొట్టిగా ఉండటం అక్కడ మామూలే, ఇంటికొచ్చాక చాలావరకు అందుకుంటారు. తల చుట్టుకొలత మరీ తక్కువగా ఉండి పెరగకపోతే మాత్రం ఆలోచించాలి. గర్భంలో ఉండగా తల్లి మద్యం తాగిందేమోనన్న అనుమానానికి ముఖం నేరుగా కనిపించే ఫొటో అడుగుతారు. బిడ్డ కూర్చుంటున్నదీ పాకుతున్నదీ కనిపించే చిన్న వీడియో దొరికితే ఇంకా మంచిది.

ఒకటి గుర్తుంచుకోండి, ఆశ్రమంలో గడిపిన కాలం కూడా ఒక వైద్య సమాచారమే. రొమేనియా ఆశ్రమాల నుంచి 1990 తర్వాత బ్రిటన్‌కు వచ్చిన పిల్లల్ని పెద్దయ్యే దాకా గమనించారు. ఆరు నెలల లోపు బయటికొచ్చినవాళ్లలో ఎక్కువమంది మిగతా పిల్లల్లాగే పెరిగారు. అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నవాళ్లలో చాలామందిని ఇబ్బందులు వదల్లేదు. ఆ ఆశ్రమాల పరిస్థితి ఘోరం, అన్నీ అలా ఉండవు. అయినా బిడ్డ ఎప్పటి నుంచి అక్కడుంది, ఒక్కొక్క ఆయాకు ఎంతమంది పిల్లలు అని అడగండి.

వద్దంటే పాపం చేసినట్టా? మళ్లీ ఇవ్వరా?

చాలా దేశాల్లో కారణం చెప్పి వద్దంటే మరో ఫైలు వస్తుంది. పాపం కాదు. మోయలేని బరువు తలకెత్తుకుని రెండేళ్లకు చేతులెత్తేస్తే, ఆ బిడ్డ రెండోసారి ఇల్లు పోగొట్టుకుంటుంది. మన వెనక మరో భుజం లేదు, ఆ లెక్క మనమే వేసుకోవాలి. వద్దన్న రాత్రి ఏడుపొస్తుంది. ఏడవండి.

వైద్య అవసరాలున్న బిడ్డను ఒక్కదాన్నే పెంచగలనా?

అవసరం పేరును బట్టి కాదు, దానికి పట్టే సమయాన్ని బట్టి తేల్చుకోండి. గ్రహణం మొర్రి అంటే రెండు మూడు ఆపరేషన్లు, కొన్నేళ్లు మాట నేర్పించే థెరపీ, తర్వాత మామూలు జీవితం. కాళ్ల వంకరకు పిండికట్లు, బూట్లు, ఓపిక. పేరు వింటే భయపడే హెపటైటిస్ బి చాలామంది పిల్లల్లో ఏడాదికి రెండు పరీక్షలతో సాగిపోతుంది. అదే, ఒక నిమిషం కూడా వదలకుండా చూసుకోవాల్సిన పరిస్థితైతే ఒక్క మనిషికి కష్టం. వారానికి ఎన్నిసార్లు ఆసుపత్రి, ఆపరేషన్ అయితే ఎన్నాళ్లు సెలవు, ఇన్సూరెన్స్ ఎంతవరకు ఇస్తుంది, ఈ మూడూ కాగితం మీద వేస్తే జవాబు మీకే తెలుస్తుంది.

కన్నతల్లి నిజంగా ఒప్పుకునే ఇచ్చిందని నాకెలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అందరూ అడగాలి.

నిబంధన స్పష్టంగానే ఉంది: బిడ్డ పుట్టాకే తల్లి సమ్మతి తీసుకోవాలి, దాని ఫలితమేమిటో ఆమెకు వివరించాలి, డబ్బు ఆశ చూపకూడదు, రాతలో ఉండాలి. కాగితం మీద ఇవన్నీ ఉన్నట్టే కనిపించి, వెనక వేరే కథ ఉన్న సందర్భాలు చరిత్రలో చాలా ఉన్నాయి. దక్షిణ కొరియా లక్షన్నర మందికి పైగా పిల్లల్ని విదేశాలకు పంపింది. అక్కడి ప్రభుత్వ సత్య కమిషన్ 2025లో తేల్చిందేమిటంటే, కన్నవాళ్లున్న పిల్లల్ని కూడా దిక్కులేనివాళ్లుగా రాసి పంపిన సందర్భాలున్నాయని. ఆ పిల్లల్ని పెంచినవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే, మోసం చేయాలనుకున్నవాళ్లు కారు. వాళ్లు అడగలేదు, అంతే.

మీరు అడగండి. బిడ్డ ఎక్కడ, ఎవరికి, ఏ తేదీన దొరికింది? తల్లిదండ్రుల కోసం వెతికినట్టు పత్రికా ప్రకటన, పోలీసు రిపోర్టు ఉన్నాయా? ఒకే ఊరి నుంచి వచ్చిన పిల్లలందరి కథా ఒకేలా ఉందా? తేదీలు పొంతన కుదరకపోతే వివరణ కోరండి. "అన్నీ అడిగితే ఆలస్యమవుతుంది" అని బెదిరించే ఏజెన్సీ మీకొద్దు. మన తొందరే కొందరికి వ్యాపారం.

అక్కడి మనిషి ఒకరు "కానుక" ఇస్తే పని త్వరగా అవుతుందంటున్నారు. ఇవ్వనా?

వద్దు. ముందే రాసిచ్చిన పద్దులో లేని డబ్బు, రసీదు లేని డబ్బు, చేతికిచ్చే డబ్బు, ఏదీ వద్దు. వెంటనే ఏజెన్సీకీ అధికార సంస్థకూ రాతపూర్వకంగా చెప్పండి.

## ప్రయాణం

ఒక్కదాన్నే వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ వెళ్లకండి. తోడు వచ్చే మనిషి బిడ్డ కోసం కాదు, మీ కోసం. మీరు బిడ్డను ఎత్తుకుని ఉంటే వాళ్లు సామాను మోస్తారు, కోర్టు కాగితాలు చూస్తారు, మందుల షాపుకు పరిగెత్తుతారు. బిడ్డకు పాలు పట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మాత్రం మొదటి రోజు నుంచీ మీ చేతుల మీదుగానే జరగాలి. ఈ ఒప్పందం ఇంటి దగ్గరే చేసుకోండి. బిడ్డను చూడగానే ఎత్తుకోవాలని అందరికీ ఉంటుంది మరి.

బిడ్డ నన్ను చూసి గుక్కపట్టి ఏడుస్తోంది. నేను నచ్చలేదా?

తెలిసిన వాసన, తెలిసిన గొంతు, తెలిసిన మంచం అన్నీ ఒక్క గంటలో పోయాయి. ఏడవకపోతేనే వింత. ఏడుస్తోందంటే ఇంతకుముందు ఎవరినో నమ్మిందన్నమాట, అది మంచి సూచన. మా పాప అసలు ఏడవలేదు. రెండు రోజులు బొమ్మలా కూర్చుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అని అందరూ మెచ్చుకున్నారు. అది బుద్ధి కాదు, బెదురు. మూడో రోజు రాత్రి ఏడుపు మొదలుపెట్టి తెల్లవారేదాకా ఆపలేదు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆశ్రమంలో ఏం పెడుతున్నారో, ఎన్నింటికి పడుకోబెడుతున్నారో రాసుకుని కొన్నాళ్లు అదే కొనసాగించండి. కప్పుకునే గుడ్డ ఇస్తే ఉతక్కండి.

దత్తత పూర్తయిందంటే పౌరసత్వం వచ్చేసినట్టేనా?

అలా అనుకునే చాలా కుటుంబాలు దెబ్బతిన్నాయి. దత్తత వేరు, వీసా వేరు, పౌరసత్వం వేరు. అమెరికాలో 2000 నాటి చట్టం 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చాక, అర్హతలన్నీ ఉన్న 18 ఏళ్ల లోపు పిల్లలకు పౌరసత్వం దానంతటదే వస్తోంది. అంతకుముందు వచ్చి, ఆ తేదీకే 18 నిండినవాళ్లకు అది వర్తించలేదు. వాళ్లలో తల్లిదండ్రులు దరఖాస్తు వేయడం మరిచిపోయినవాళ్లు కొందరు నడివయసులో, భాష కూడా రాని పుట్టిన దేశానికి పంపించబడ్డారు. మీ దేశంలో ఏ కాగితంతో పౌరసత్వం రుజువవుతుందో తెలుసుకోండి, అది చేతికొచ్చే దాకా పని అయినట్టు కాదు.

## ఇంటికి వచ్చాక

చుట్టాలంతా చూడటానికి వస్తామంటున్నారు. ఎత్తుకోనివ్వొచ్చా?

మొదటి కొన్ని వారాలు వద్దు. చూడనివ్వండి, ఆడించనివ్వండి, కానీ ఆకలేసినా దెబ్బ తగిలినా నిద్రొచ్చినా బిడ్డ మీ దగ్గరికే రావాలి. ఆశ్రమంలో చేతులు మారి మారి పెరిగిన బిడ్డ ఎవరి దగ్గరికైనా నవ్వుతూ వెళ్లిపోతుంది. అది కలుపుగోలుతనం కాదు, తన మనిషి ఎవరో ఇంకా తేలకపోవడం. పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి, వంట చేసిపెట్టమనండి, బట్టలు ఆరేయమనండి. మనకు కావలసిన సాయం అదే.

ఏ పరీక్షలు చేయించాలి? అక్కడ అన్నీ చేశారు కదా?

మళ్లీ చేయించాలి. వచ్చిన రెండు వారాల్లో డాక్టర్‌కు చూపించండి: రక్తహీనత, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి, సిఫిలిస్, క్షయ, థైరాయిడ్, రక్తంలో సీసం, కడుపులో పురుగులు, చూపు, వినికిడి. హెపటైటిస్, క్షయ లాంటివి మొదట బయటపడకపోవచ్చు కాబట్టి ఆరు నెలలకు ఇంకోసారి చేస్తారు. టీకాల కార్డు మీద నమ్మకం కుదరకపోతే రక్తపరీక్షతో చూస్తారు, లేదా టీకాలు మళ్లీ వేస్తారు.

ఇన్నేళ్లు ఎదురుచూశాను. ఇప్పుడు ప్రేమ పుట్టడం లేదు. నేనేమైనా రాక్షసినా?

కాదు. కన్నతల్లులకు కాన్పు తర్వాత వచ్చినట్టే, దత్తత తర్వాత కూడా దిగులు కమ్ముకుంటుంది. నిద్ర లేదు, మాట్లాడే పెద్దమనిషి లేడు, బాత్రూమ్‌కు వెళ్లడానికి కూడా తీరిక లేదు. పైగా "నువ్వే కదా కోరుకున్నావు" అంటారేమోనన్న భయంతో ఎవరికీ చెప్పం. నాకు మొదటి రెండు నెలలు ఎవరో పక్కింటివాళ్ల బిడ్డను చూసుకుంటున్నట్టే ఉండేది. పాలు పట్టాను, ఎత్తుకున్నాను, ప్రేమ తర్వాత వచ్చింది. ఎప్పుడొచ్చిందో కూడా తెలీదు. రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బిడ్డను తీసుకుపోతారేమోనని భయపడి దాచకండి, సాయం అడిగిన తల్లిని ఎవరూ తప్పుపట్టరు.

నాకేమైనా అయితే బిడ్డ గతేమిటి?

బిడ్డ ఇంటికి రాకముందే వీలునామా రాసి, గార్డియన్ ఎవరో పేరు పెట్టండి. గార్డియన్‌గా అమ్మానాన్నల పేరు రాయడం తేలిక, కానీ పదేళ్ల తర్వాత వాళ్ల వయసెంతో లెక్కపెట్టండి. మీ ఈడువాళ్లను ఒకరిని, వాళ్లకు కుదరకపోతే ఇంకొకరిని అనుకోండి. వాళ్లను అడిగి, ఒప్పించి, రాతలో పెట్టండి. జీవిత బీమా డబ్బు ఎవరి చేతిలో పడుతుందో కూడా అందులోనే తేల్చండి. బిడ్డను పెంచే మనిషీ డబ్బు చూసే మనిషీ ఒకరే కావాలని లేదు.

రిపోర్టులు ఎన్నాళ్లు పంపాలి?

దేశాన్ని బట్టి రెండేళ్లు, మూడేళ్లు, కొన్నింటికి 18 ఏళ్లు నిండేదాకా. తప్పక పంపండి. మీరు మానేస్తే మీ తర్వాత వరసలో ఉన్నవాళ్ల ఫైళ్లు ఆగుతాయి.

"నాన్న ఎక్కడ?" అని అడిగితే ఏం చెప్పాలి?

నిజం, వయసుకు తగ్గట్టు. "మన ఇంట్లో నువ్వూ నేనూ ఉన్నాం. నిన్ను కన్న అమ్మానాన్నలు వేరే దేశంలో ఉన్నారు." మాటలు రాని వయసు నుంచే ఈ కథ చెబుతూ ఉంటే, ఎప్పుడు చెప్పాలన్న సమస్యే రాదు. కన్నవాళ్ల గురించి తెలియనిది కల్పించకండి. "మీ అమ్మ నిన్ను ఎంతో ప్రేమించింది కాబట్టే ఇచ్చేసింది" అనే మాట అందంగా ఉంటుంది గానీ, ప్రేమిస్తే ఇచ్చేస్తారని బిడ్డకు అర్థమవుతుంది. ఇక మీరు కూడా ప్రేమిస్తారు కదా!

పెద్దయ్యాక కన్నతల్లి కోసం వెతుకుతానంటే?

వెతకొచ్చు, సాయం చేయండి. బిడ్డ పుట్టుపూర్వోత్తరాల సమాచారాన్ని భద్రపరచాలని హేగ్ ఒప్పందం అంటుంది, కానీ ఆఫీసులు మారతాయి, ఆశ్రమాలు మూతపడతాయి. నమ్ముకోవాల్సింది మీ ఇంటి పెట్టెనే. అక్కడున్న రోజుల్లోనే ప్రతి కాగితానికీ మూలభాషలో కాపీ తీసుకోండి. అనువాదం చాలదు, పేర్ల స్పెల్లింగ్ అందులోనే తప్పుతుంది. ఆశ్రమం గేటు, చుట్టుపక్కల వీధి, బిడ్డను చూసుకున్న ఆయాలు, అందరికీ ఫొటోలు తీయండి, వెనక పేర్లు రాయండి. మీ చేతికిచ్చినప్పుడు బిడ్డ ఒంటి మీదున్న బట్టలు ఒక సంచీలో పెట్టి దాచండి. మా పాప ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ సంచీ తీసి, ఆ చిన్న గౌను తన భుజాలకు ఆనించి కొలుచుకుని మళ్లీ మడతపెట్టి పెట్టేస్తుంది.